ఎక్కించే చార్జి, దించే చార్జి

చెల్లే, "ఫోన్‌ల చార్జింగ్ అయిపోయింది" అని ఎవరైనా అంటే నువ్వేమనుకుంటావు? నిండిందనా, ఎండిందనా? మన ఇళ్లలో రెండూ నడుస్తాయి. గోడ దగ్గర పెట్టిన ఫోను తీసి చేతికిస్తూ "చార్జింగ్ అయిపోయింది, తీస్కో" అంటే నిండినట్టు. డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చిన మనిషి "చార్జింగ్ అయిపోయింది, అందుకే ఎత్తలే" అంటే ఎండినట్టు. ఆ రెండోది నిజమా, సాకా అన్నది మీ ఇంట్లో మీరు తేల్చుకోవాల్సిన ముచ్చట. నేను తలదూర్చను.

నేను చెప్పాలనుకున్నది ఆ మాట గురించి. హత్నూర మండలంలో పొద్దున లేచింది మొదలు పండుకునే దాకా ఇది ఎన్ని వేషాలేస్తుందో చూడు. బస్ చార్జి, కరెంటు చార్జి, ఇన్‌చార్జి సారు, చార్జిషీటు, లాఠీచార్జి, డిశ్చార్జి, రీచార్జి. ఇంగ్లిషువాళ్లు ఇన్ని అర్థాలనూ ఒక్క మాటకే తగిలించి వదిలేశారు. మనవాళ్లు మాత్రం ఎవరూ బడిలో చెప్పకుండానే దాన్ని పంచుకుని ఒక్కో రూపానికి ఒక్కో పని అప్పజెప్పారు. డబ్బులైతే చార్జీలు. పెత్తనమైతే చార్జి. ఫోనుకైతే చార్జింగ్. "ఫోన్‌ల చార్జీలు లేవు" అని ఎవరూ అనరు. "సంగారెడ్డికి బస్సు చార్జింగ్ ఎంత?" అనీ అడగరు. అయినా బస్సులకు కూడా చార్జింగ్ పెట్టే రోజులొచ్చాయి కాబట్టి ఆ ప్రశ్న ముందుముందు ఎవరైనా అడుగుతారేమో.

బస్సు మాటెత్తాను కాబట్టి దాని సంగతి ముందు చెప్తా. టికెట్టు డబ్బును చార్జి అనడం మన దగ్గరి అలవాటు. లండన్‌లో దానికి వేరే మాట ఉంది. కానీ మన ఆడవాళ్ల నోట "చార్జీలు" అంటే ఉత్త టికెట్టు డబ్బు కాదు కదా. "చార్జీలకు పైసలియ్యి, అమ్మను చూసొస్తా" అని అడిగిన రోజులు నీకూ గుర్తుండే ఉంటాయి. ఆ అడగడంలో పైసలు సగం, పర్మిషన్ సగం. ఇచ్చే మనిషి చొక్కా జేబు తడుముకుంటూ "మొన్ననే పోయినవ్ గదా" అనేవాడు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్టు కొట్టి ఇస్తున్నాడు. బస్సులో కాలు పెట్టే సందు లేదు, సీటు దగ్గర కొట్లాటలు, అవన్నీ నిజమే. కానీ దౌల్తాబాద్‌లో బస్సెక్కి నర్సాపూర్ పోయే ఆడమనిషి ఇప్పుడు "పోయొస్తా" అని చెప్పి పోతోంది. చార్జీలతో పాటు ఆ సగం పర్మిషన్ కూడా కొంత మాఫీ అయింది. ఈ పథకానికి లెక్కలేసేవాళ్లు దీన్ని ఏ కాలమ్‌లో రాస్తారో నాకు తెలియదు.

ఇంతకీ ఈ మాట ఎక్కడిది? పాత లాటిన్ భాషలో బండిని కర్రుస్ అనేవాళ్లు. బండి మీద బరువెక్కించడానికి దాని నుంచే ఒక మాట పుట్టింది. అది ఫ్రెంచివాళ్ల నోట్లో నలిగి, ఇంగ్లిషులోకొచ్చి చార్జి అయింది. అంటే కారు, కార్గో, క్యారేజీ, చార్జి, అన్నీ ఒక్క తల్లి పిల్లలు. ఫస్ట్ షిఫ్టుకు పోయే మనిషి చేతిలో పెట్టే టిఫిన్ క్యారేజీ కూడా ఆ ఇంటిపిల్లే. బండి మీద మూటలెక్కిస్తే అది బరువు. మనిషి మీద పని ఎక్కిస్తే బాధ్యత. తప్పు ఎక్కిస్తే నేరారోపణ. బాకీ ఎక్కిస్తే చార్జీ. తుపాకీలో మందు ఎక్కించినా అదే మాట, సీసాలో కరెంటు ఎక్కించినా అదే మాట. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పద్దెనిమిదో శతాబ్దంలో కరెంటు మీద ప్రయోగాలు చేస్తూ వాడిన మాటల్లో ఇదీ ఉంది, బ్యాటరీ కూడా ఉంది. ఆ రెండూ ఫిరంగుల దగ్గర వినబడే మాటలే.

ఇక మన సంగతి చూడు. లాటిన్ ముక్క రాని మా పెద్దమ్మ ఏమంటుంది? "ఫోన్‌కు చార్జింగ్ ఎక్కుతలేదు" అంటుంది. ఎక్కుతలేదు! లారీకి లోడు ఎక్కిస్తాం, పేషెంటుకు గ్లూకోజు ఎక్కిస్తాం, రక్తం ఎక్కిస్తాం, ఫోనుకు చార్జింగ్ ఎక్కిస్తాం. ఆ మాట ఏ బండి మీద బయల్దేరిందో మన నాలుకకు ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టుంది. అందుకే నేనెప్పుడూ చెప్తుంటా, ఇంగ్లిషు రాదని ముడుచుకుని కూర్చోకండి అని. పుస్తకాల్లో చదువుకున్నోళ్లు కరెంటు చార్జికి తెలుగులో విద్యుదావేశం అని పేరు పెట్టారు. ఆవేశమంటే మనకు బోనాల నాడు ఒంటి మీదికి వచ్చేది, లేదంటే అత్తాకోడళ్ల మధ్య వచ్చేది. పదో తరగతి పిల్ల "ఋణావేశం, ధనావేశం" అని బట్టీ పడుతుంటే వాళ్ల నాయనమ్మ ఎవరికి పూనిందో అని తొంగి చూస్తుంది. ఎక్కడం అన్న మాట మన దగ్గరే ఉండగా అంత దూరం ఎందుకు పోయారో!

ఈ మాట తన పుట్టింటి అర్థానికి అన్నింటికన్నా దగ్గరగా ఉన్నది ఎక్కడో తెలుసా? మన బోర్పట్ల, గుండ్లమాచునూరు కంపెనీల్లో. మందుల కంపెనీలో రియాక్టర్ అని పెద్ద పాత్ర ఉంటుంది. పైన మూత, దానికో నోరు, దాన్ని మ్యాన్‌హోల్ అంటారు. అందులోంచి పొడి, సాల్వెంటు లెక్క ప్రకారం లోపల వేయడాన్నే వాళ్లు చార్జింగ్ అంటారు. బ్యాచ్ రికార్డులో ఏది ఎన్ని కిలోలు, ఏ టైముకు చార్జ్ చేశారో రాసి సంతకం పెట్టాలి. మా వీధిలోకి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతి నాతో చెప్పుకుని బాధపడింది. "ఫోన్ ఎందుకెత్తలేదని ఎప్పుడడిగినా చార్జింగ్ నడుస్తుండె అంటడక్కా. గంటలు గంటలు ఏం చార్జింగ్ అది? కొత్త ఫోన్ కొనుక్కోమని చెప్పు జర." పాపం, అతను నిజమే చెబుతున్నాడు. అక్కడ ఎక్కుతున్నది ఫోను కాదు, బ్యాచ్.

నవ్వుకున్నాం గానీ, ఆ పనిలో ఒక ప్రమాదముంది. అది ఇంట్లో ఆడవాళ్లకూ తెలియాలి. చలికాలంలో స్వెటర్ విప్పుతుంటే చిటపటమంటుంది చూశావా, ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే లాగుతుంది చూశావా, దాన్ని స్టాటిక్ కరెంటు అంటారు. పొడి పదార్థాన్ని ప్లాస్టిక్ సంచిలోంచి జారవిడిచినప్పుడు కూడా రాపిడికి అలాంటి చార్జే పుడుతుంది. కింద రియాక్టర్లో మంటంటుకునే సాల్వెంటు ఆవిరి ఉంటే ఆ చిన్న నిప్పురవ్వ చాలు. అంటే చార్జింగ్ చేస్తుంటే చార్జి పుడుతుంది, ఆ పుట్టిన చార్జిని నేలలోకి దించెయ్యాలి. అందుకే డ్రమ్ముకూ రియాక్టర్‌కూ ఎర్తింగ్ క్లిప్పులు పెడతారు, లోపల నైట్రోజన్ నింపుతారు, కరెంటు కాళ్లలోంచి నేలకు దిగిపోయే ప్రత్యేకమైన బూట్లు ఇస్తారు. ఆ బూట్లు బరువని, కాళ్లు ఉడుకుతున్నాయని మీవాళ్లు ఇంట్లో వదిలేసి చెప్పులతో పోతుంటే ఊరుకోకు చెల్లే. వెనక నుంచి పిలిస్తే అపశకునమని ఆగొద్దు, పిలువు. కంపెనీ ఆ బూట్లు అసలు ఇవ్వకపోతే అడగమని చెప్పు. అది దయ కాదు, వాళ్లు పెట్టాల్సిన ఖర్చు.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు కదా. వేరే రాష్ట్రాల నుంచి బతుకుదెరువుకొచ్చినవాళ్లు ఎంతమందో అందులో. ఆ వార్త వచ్చిన పొద్దు ఈ కంపెనీల పట్టీలో ప్రతి ఇంటి ఆడమనిషీ ఫోను చేతిలో పట్టుకునే ఉంది. అవతల మోగి మోగి ఆగిపోతే ఒక భయం, స్విచాఫ్ వస్తే ఇంకో భయం. అందుకే మీవాళ్లు డ్యూటీకి పోయేముందు ఫోన్ నిండా చార్జింగ్ ఉందో లేదో చూడమంటాను. ఫోన్లను ప్లాంటు లోపలికి రానివ్వరు, అది మంచికే. కానీ బయటికొచ్చి లాకర్ తీయగానే ఒక్క ముక్క చెప్పేంత బ్యాటరీ అయినా ఉండాలి కదా.

ఎద్దుమైలారంలో ఈ మాట ఏకంగా ఉద్యోగం పేరే అయింది. 1984లో వచ్చిన మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి శరత్ అనే యుద్ధ వాహనాలు తయారవుతాయి. అక్కడ చార్జ్‌మ్యాన్ అని ఒక పోస్టుంది. వర్క్‌మెన్‌ల పైన, ఆ సెక్షన్ పని చూసుకునే మనిషి. డిప్లొమా చదివిన ఆడపిల్ల ఆ కుర్చీలో కూర్చున్నా పేరు మాత్రం చార్జ్‌మ్యానే. పేరుదేముంది, జీతం చార్జ్‌మ్యాన్‌దే వస్తుంది.

ఇక ఇన్‌చార్జి సార్లు, మేడమ్‌లు. సర్కారు ఆఫీసుల్లో ఇదో ఒడవని ముచ్చట. ఒక అధికారి బదిలీ అయితే ఇంకొకరు వచ్చేదాకా పక్క మండలం ఆయనకు అదనపు చార్జి ఇస్తారు. పూర్తిగా ఎక్కించారంటే ఫుల్ అడిషనల్ చార్జి అంటారు, ఎఫ్‌ఏసీ అని బోర్డు మీద రాస్తారు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయాక ఊళ్లన్నీ ప్రత్యేకాధికారుల చేతిలోకి పోయాయి. ఒక్కో ఆఫీసరు మీద తన పని గాక ఊళ్ల పని కూడా పడింది. అంగన్‌వాడీలో చూడు, పక్క సెంటర్‌లో టీచర్ లేకపోతే ఆ రిజిస్టర్లు, గుడ్లు, బాలామృతం ప్యాకెట్ల లెక్కలు ఈమె నెత్తి మీదికే. "ఇన్‌చార్జి మేడం" అని పిలుపు పెరుగుతుంది, పని రెట్టింపవుతుంది. ఇంట్లో అయితే పిలుపు కూడా ఉండదనుకో.

ఇక్కడే నీకో సంగతి చెప్పాలి. నాకు బాగా నచ్చిన సంగతి. మా ఊళ్లో బట్టలు కుట్టే ఆమె ఒకప్పుడు కుట్టుకూలి అనేది. జాకెట్టు ఇచ్చి "కూలి ఎంతనో చెప్పు" అంటే నసిగేది, "మీ ఇష్టం అక్కా" అనేది. ఇప్పుడు గోడ మీద కాగితం అంటించింది. లైనింగ్ బ్లౌజుకు ఇంత, మగ్గం వర్కుకు ఇంత, ఫాల్సుకు ఇంత. పైన పెద్దక్షరాల్లో "స్టిచ్చింగ్ చార్జీలు" అని రాసింది. ఇప్పుడు బేరమాడితే "చార్జీ అంతేనక్కా" అంటుంది, తల కూడా ఎత్తకుండా. అదే మిషను, అవే చేతులు. కూలి అంటే ఇచ్చేవాళ్ల దయగా ఉండేది, చార్జీ అంటే పుచ్చుకునేవాళ్ల లెక్కయింది. తెలుగు మాట పోయిందని బాధపడేవాళ్లు పడనీ, నేను మాత్రం ఈ విషయంలో ఆమె వైపే.

అదే మాట బంగారం దుకాణంలో కనిపిస్తే మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని చూడు. ముందు అవుసుల ఆయన తరుగు, మజూరీ అని విడిగా చెప్పేవాడు. ఇప్పుడు మేకింగ్ చార్జీలు, వేస్టేజీ అంటూ గ్రాము ధర మీద ఎంత శాతం ఎక్కిస్తారో అడిగితే గానీ చెప్పరు. నీకు నచ్చిన హారం మీద ఉన్న ధరలో బంగారమెంత, చార్జీ ఎంత అని బిల్లులో విడగొట్టి రాయమను. నగ మీద ఆరు అక్షరాల, అంకెల హాల్‌మార్క్ గుర్తు ఉందో లేదో చూడు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. రాళ్ల బరువును బంగారం బరువులో కలిపి లెక్క కట్టారా అన్నది కూడా అక్కడే అడుగు. ఇంటికొచ్చాక అడిగితే లాభం లేదు.

చార్జీలు పెంచితే ఏమవుతుందో మన రాజధాని చూసింది. 2000 సంవత్సరంలో కరెంటు చార్జీలు పెంచినప్పుడు జనం రోడ్ల మీదికొచ్చారు. ఆగస్టు 28న చలో అసెంబ్లీ అని హైదరాబాద్ బయల్దేరితే బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు ఆపారు. లాఠీచార్జి చేశారు, చివరికి కాల్పుల దాకా పోయింది. ముగ్గురు చనిపోయారు. చార్జీలు తగ్గించమంటే లాఠీచార్జి దొరికింది. ఇప్పుడు కూడా కరెంటు బిల్లు వచ్చినప్పుడు కింద ఉన్న మొత్తం ఒక్కటే చూసి పక్కన పెట్టకు. ఎనర్జీ చార్జి వేరు, కస్టమర్ చార్జి వేరు. వాడినా వాడకపోయినా పడేవి కొన్ని ఉంటాయి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడితే సున్నా బిల్లు వస్తుంది, కానీ 201 అయిందంటే మొత్తం నువ్వే కట్టాలి. నెలాఖరున మా వదిన మీటర్ దగ్గరికి పోయి చూసే చూపు, పొయ్యి మీద పాలు పెట్టి చూసే చూపు ఒక్కటే.

చార్జిషీటు గురించి ఒక్క ముక్కే చెప్పి వదిలేస్తా. ఊళ్లో ఎవరి మీదైనా చార్జిషీటు వేశారనగానే శిక్ష పడ్డట్టు మాట్లాడుకుంటాం. అది పోలీసులు తమ విచారణలో ఏం తేలిందో కోర్టుకు రాసిచ్చే కాగితం, అంతే. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకో.

ఎక్కించడం అయింది, ఇక దించడం. బండి మీది బరువు దించితే డిశ్చార్జి. దవాఖానా నుంచి పేషెంటును ఇంటికి పంపినా ఆ మాటే. బాలింతను డిశ్చార్జి చేసిన రోజు పిల్లను ఎవరెత్తుకోవాలి, దిష్టి ఎవరు తీయాలి అన్న హడావుడిలో ఆ డిశ్చార్జి కాగితాన్ని పాలడబ్బా కింద మడిచి పెడతాం. అట్లా చేయకు. ఏ మందులిచ్చారు, ఆపరేషన్ అయితే ఎందుకయింది, రక్తం ఎంత ఉంది, మళ్లీ ఎప్పుడు రావాలి, అన్నీ అందులోనే ఉంటాయి. రెండో కాన్పుకు ఆ కాగితం విలువ తెలుస్తుంది.

కానీ ఆడవాళ్ల డాక్టర్ దగ్గర ఈ మాటకు ఇంకో అర్థముంది. మన చుట్టపామె ఒకామె చూపించుకోవడానికి పోయింది. డాక్టరమ్మ "డిశ్చార్జి అవుతుందా?" అని అడిగితే, "ఇంక అడ్మిట్టే చేస్కోలేదు గద మేడం" అందట. బయటికొచ్చి నాతో చెప్పి ఒకటే నవ్వు. డాక్టరమ్మ అడిగింది తెల్లబట్ట గురించి. తెలుగులో అడిగి ఉంటే ఆమె తలొంచుకుని అయినా జవాబు చెప్పేది. మన మాట సిగ్గు, ఇంగ్లిషు మాట అయోమయం, రెండింటి మధ్య రోగం అట్లాగే ఉండిపోతుంది. చూడు చెల్లే, నెల మధ్యలో పలుచగా, తెల్లసొనలాగా, వాసన లేకుండా అయ్యేది రోగం కాదు. గర్భంతో ఉన్నప్పుడు కాస్త ఎక్కువే అవుతుంది. కానీ విరిగిన పాలలాగా ఉండి దురద పెడుతున్నా, పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో ఉన్నా, వాసనొస్తున్నా, పొత్తికడుపు నొప్పి ఉన్నా చూపించుకోవాలి. ముట్లు ఆగిపోయిన ఏళ్ల తర్వాత రక్తపు జాడ కనిపిస్తే మాత్రం రేపు మాపు అనొద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే గోళీలతో పోయేది కాదది.

డిశ్చార్జి అన్న మాట మన ప్రాంతంలో ఇంకోచోట కూడా ఉంది, కంపెనీ గోడల బయట. పటాన్‌చెరు ఫ్యాక్టరీలు వదిలిన నీళ్లు నక్కవాగులో కలిసి, అక్కడి నుంచి మంజీరలో కలిసిన కథ పాతదే. 1990లోనే దాని మీద కేసు సుప్రీంకోర్టుకెక్కింది. స్థానికంగా డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. 1994లో కంపెనీలన్నింటి మురుగునూ ఒక్కచోట శుద్ధి చేసే ప్లాంటు పెట్టారు. స్వీడన్ పరిశోధకులు ఆ ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించిందని 2007లో ప్రకటించారు. అది మనకు డాక్టర్ రాసిచ్చే యాంటీబయాటిక్ గోళీనే. గోళీ మింగినవాళ్ల రక్తంలో ఉండేదానికంటే ఆ నీళ్లలోనే ఎక్కువ ఉందన్నమాట. అట్లాంటి నీళ్లలో బతికి బట్టకట్టిన సూక్ష్మజీవికి రేపు మన బిడ్డకు జ్వరమొచ్చి అదే గోళీ వేస్తే లెక్క ఉంటుందా?

ఇప్పుడు మందుల కంపెనీల దగ్గర "జీరో లిక్విడ్ డిశ్చార్జి" అనే మాట వినబడుతుంది. చుక్క నీరు కూడా బయటికి వదలకుండా మరగబెట్టి, ఉప్పులు వేరు చేసి, మిగిలిన నీళ్లు మళ్లీ వాడుకుంటామని దాని అర్థం. మంచిదే. బస్సులో కండక్టర్ ఇచ్చే జీరో మన చేతిలోనే ఉంటుంది, చదువుకోవచ్చు. ఈ జీరోను చూడాలంటే పెద్ద వాన పడ్డ రాత్రి వాగు దగ్గరికి పోవాలి, పొద్దున బోరు నీళ్లు రంగు మారాయా అని చూడాలి. ఆ పని బిందెలు మోసేవాళ్లే ముందు చేస్తారు. నీళ్లు నురగొస్తున్నాయని, బియ్యం కడిగితే వాసనొస్తుందని మొదట చెప్పేది ఆడవాళ్లే కదా. పొల్యూషన్ బోర్డుకు ఫిర్యాదు రాసేటప్పుడు ఏ రోజు, ఏ టైముకు, ఎక్కడ చూశారో రాసి ఫోటో జతచేయండి. ఉత్తి నోటిమాటకు బరువుండదు.

దించింది మళ్లీ ఎక్కిస్తే రీచార్జి. ఫోన్ రీచార్జి సంగతి నీకు చెప్పేదేముంది. నెల అంటే 28 రోజులని లెక్కేసుకునేది ఈ లోకంలో మనమూ, ఆ ఫోన్ కంపెనీలూ మాత్రమే. ఆ లెక్కన సంవత్సరానికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జీలు పడతాయి. 30 రోజుల ప్లాను ఒక్కటైనా పెట్టాలని ట్రాయ్ 2022లోనే కంపెనీలకు చెప్పింది. అడిగి వేయించుకో, వాళ్లంతట వాళ్లు చూపించరు.

భూమికి కూడా రీచార్జి ఉంది. ఇంటి ముందు ఇంకుడు గుంత తవ్వి, కింద పెద్ద రాళ్లు, మీద కంకర, ఆ మీద ఇసుక పోసి, డాబా మీద పడ్డ వాన నీళ్లను పైపుతో అందులోకి వదిలితే బోరుకు జీవమొస్తుంది. డాబా నీళ్లే వదలాలి సుమా. అంట్ల నీళ్లు, సబ్బు నీళ్లు, పశువుల కొట్టం నీళ్లు అందులో పడొద్దు, ఏది పంపితే అదే పైకొస్తుంది. మా ఊళ్లో ఈ గుంతల గురించి చెప్పడానికి వచ్చిన పిల్ల "గ్రౌండ్ వాటర్ రీచార్జి అయితదమ్మా" అని వివరిస్తుంటే, గద్దె మీద కూర్చున్న ముసలామె అంతా విని మెల్లగా అడిగింది.

"ఇది ఒక్కసారి చేపిస్తే ఎన్ని దినాలొస్తది బిడ్డా?"

"వాన పడ్డన్ని దినాలొస్తదవ్వా."

"ఇరవై ఎన్మిది కాదు గదా? అయితే తవ్వుండ్రి."